కళ్ళకద్దుకున్న చెయ్యి

భోజనాల వేళ కాకుండానే గరాజ్ తలుపు లేచిందంటే ఏదో జరిగిందన్నమాటే. కృష్ణవేణి అప్పుడు వంటింట్లో అరటిపువ్వు ఒలుస్తోంది. దొప్ప విప్పడం, లోపలున్న పూలను గుత్తిగా తియ్యడం, ఒక్కొక్క పువ్వులోంచీ ఆ ఉడకని గట్టి పుల్లను గోటితో లాగి అవతల పడెయ్యడం. చేతులకు నూనె రాసుకుని కూర్చుంది. అమెరికాలో ఈ ఎడిసన్ ఊరి కొట్లో అరటిపువ్వు దొరకడమే అపురూపం, దొరికినప్పుడు తొందరపడితే కూర చేదెక్కుతుంది.

ల్యాబ్ ఉన్న రోజున మనవరాలు దేదీప్య గరాజ్ లోంచే రావాలి. అది కృష్ణవేణి పెట్టిన కట్టడి. చచ్చినదాన్ని ముట్టుకొచ్చిన చేత్తో దేవుడి గది ముందునుంచి నడవకూడదు. బట్టలుతికే మెషీను పక్కనున్న చిన్న బాత్‌రూమ్‌లో తలమీద నీళ్ళు పోసుకుని, విడిచిన బట్టలు అక్కడే బకెట్లో పడేసి, అప్పుడు లోపలికి రావాలి. పిల్ల ఎప్పుడూ మారు మాట్లాడకుండా అలాగే చేసేది. నీళ్ళ చప్పుడు వినపడ్డాకే కృష్ణవేణి కంచం పెట్టేది.

ఇవాళ నీళ్ళ చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు.

నూనె చేతులతోనే మోచేత్తో తలుపు తోసి చూసింది. చెప్పులు పెట్టుకునే బల్ల మీద దేదీప్య కూర్చుని ఉంది. తడి తువ్వాలు కళ్ళకు ఒత్తుకుని ఉంది. పక్కనే పూజిత కారు తాళాలు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లది వరంగల్. ఇక్కడ యూనివర్సిటీలో మందుల చదువు చదువుతూ వీళ్ళ మేడమీద గదిలో అద్దెకుంటోంది.

"ఏమైందే తల్లీ?"

"ఏం లేదు అమ్మమ్మా. ఐ యామ్ ఫైన్."

"ఏం లేకపోతే ఆ తువ్వాలెందుకు? తియ్యి, చూడనీ."

తీసింది. కళ్ళు రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. రెప్పలు ఉబ్బి, వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"పరేషాన్ గాకు అమ్మమ్మా," అంది పూజిత. "డాక్టర్ చూసిండు, చూపుకేం గాలేదన్నడు. సాయంత్రానికి తగ్గుతదంట. డ్రైవ్ చెయ్యొద్దన్నరని నాకు ఫోన్ కొట్టింది. నేను పోయి తీస్కొచ్చిన."

"కళ్ళల్లో ఏం పడింది?"

"ల్యాబ్‌ల కోసే పంది పిల్లలను నిలవుంచే మందు ఉంటది గదా. గదే."

కృష్ణవేణి స్నానం మాట ఎత్తలేదు. పిల్లను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోయి, తన చేతికి జిగురుందని గుర్తొచ్చి, మోచేతిని ఆసరా ఇచ్చింది. దేదీప్యే ఆగిపోయింది.

"స్నానం చెయ్యలేదు అమ్మమ్మా."

"తెలుసులే. పద."

మజ్జిగ తాగాక గానీ పిల్ల నోరు విప్పలేదు. విప్పాక కూడా తలెత్తలేదు.

"ల్యాబ్ బుక్ టేబుల్ ఎడ్జ్ మీద ఉంది. మోచెయ్యి తగిలి జారి నా షూ మీద పడింది. నేను... నేను ఆలోచించలేదు అమ్మమ్మా. తీసి కళ్ళకి పెట్టుకున్నా. చేతికి గ్లవ్స్ ఉన్నాయి. గ్లవ్స్ నిండా ఆ మందు ఉంది. గాగుల్స్ ఫాగ్ అయ్యాయని అప్పుడే పైకి తోసుకున్నా."

కృష్ణవేణి చేతిలో అరటిపువ్వు దొప్ప అలాగే ఉండిపోయింది.

ఈ పిల్లకు మాటలు కూడా సరిగ్గా రాని వయసులో, రంగు బొమ్మల పుస్తకం మీద నిలబడి గెంతుతుంటే, ఎత్తి పక్కన దింపి, ఆ బూరె లాంటి చేతిని పట్టుకుని పుస్తకానికి తాకించి, కుడి కంటికీ ఎడమ కంటికీ అద్దింది తనే. "సరస్వతమ్మరా. కాలు తగిలితే ఇలా చెయ్యాలి." ఆ రోజు పిల్ల వేసుకున్న పసుపుపచ్చ గౌను కూడా ఆవిడకు గుర్తే. ఒక్కసారి చెప్పింది, అంతే. ఆ తర్వాత బడి సంచికి తగిలినా, పేపరుకు తగిలినా, పక్కవాళ్ళ కాలికి తగిలినా, ఆ చెయ్యి దానంతటదే వెళ్ళి వచ్చేది. రెప్ప పడినట్టుగా.

సాయంత్రం జయంతి ఆఫీసు నుంచి వచ్చింది. కృష్ణవేణి కూతురు జయంతి మందుల కంపెనీలో పని చేస్తుంది, గొంతు పెంచడం తెలియని మనిషి. ఆ పూట ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"కావాలని చేసిందని రాసిందమ్మా, ఆ ల్యాబ్ టీచర్ మిసెస్ హేన్స్! చూశావా ఈ ఈమెయిల్? కోయడం తప్పించుకోడానికి కావాలనే మొహం ముట్టుకుందట. సేఫ్టీ రూల్ అంటే లెక్క లేదట!"

"కావాలని ఎవరైనా కళ్ళల్లో మందు కొట్టుకుంటారటే?"

"అదే నేనూ అనేది! రేపే డీన్‌కి రాస్తాను. మా ఆచారం ఇది, దీనికి పనిష్‌మెంట్ ఏంటని అడుగుతాను."

"వద్దు మామ్! ప్లీజ్!" దేదీప్య సోఫాలోంచి లేచి కూర్చుంది. "నువ్వు కంప్లైంట్ చేస్తే అది మెడికల్ స్కూల్ దాకా వెళ్తుంది. ఆల్రెడీ నాది కండిషనల్ సీటు."

ఆ కండిషన్ మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. సీటు మార్చిలో వచ్చింది. బయాలజీ ల్యాబ్ దేదీప్య కాలేజీలో ఉండగా హెర్న్‌డన్ అనే వేరే ఊళ్ళో ఇంటర్న్‌షిప్ చేస్తూ ఆన్‌లైన్‌లో పూర్తి చేసింది. కంప్యూటర్ మీద మౌస్‌తో కోసింది. కత్తి పట్టే పని తప్పిందని అప్పుడు తనూ సంతోషించింది, ఇంట్లో వాళ్ళూ సంతోషించారు. అది చెల్లదని మెడికల్ స్కూల్ వాళ్ళు చెప్పారు. ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోపు చేత్తో చేసే ల్యాబ్ ఎక్కడైనా పాసై చూపించాలి. లేకపోతే సీటు వెనక వరసలో ఎదురు చూస్తున్నవాళ్ళకు పోతుంది. అందుకే ఈ ఎండాకాలం ఊళ్ళో ఉన్న చిన్న కాలేజీలో చేరింది.

"ఆవిడ అలా రాయడానికి కారణం లేకపోలేదు మామ్," అంది దేదీప్య, గొంతు తగ్గించి. "ఇన్నాళ్ళూ నేను నిజంగానే కొయ్యలేదు. నా పార్ట్‌నర్ మరియా కోసేది. నేను లేబుల్స్ రాసేదాన్ని. హేన్స్ చూస్తూనే ఉంది."

జయంతి ఫోన్ పక్కన పెట్టి కూతురి ఎదురుగా కూర్చుంది.

"ఫ్రైడే ప్రాక్టికల్. ఒక్కదాన్నే చెయ్యాలి. ఛెస్ట్ ఓపెన్ చేసి హార్ట్ చూపించాలి. మళ్ళీ చెయ్యి మొహం దాకా వెళ్తే ఇంక క్లాసులోంచి పంపించేస్తా అంది."

కృష్ణవేణి లేచి వంటింట్లోకి నడిచింది. ఆ ఒలిచిన పూలను మజ్జిగ నీళ్ళలో వేసి, చేతులు పిండి పెట్టి రుద్దుకుని, కొంగుతో తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"అయితే ఆ అలవాటు పోవాలి," అంది.

"ఇరవై ఏళ్ళ అలవాటు రెండు రోజుల్లో పోతుందా అమ్మా?"

"పెట్టింది నేనేగా. తీసేదీ నేనే."

*

మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక హాల్లో కార్పెట్ మధ్యలో దేదీప్యను నిలబెట్టింది. ఎదురుగా తను కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో కొట్ల వాళ్ళు పోస్టులో పంపే రంగు కాగితాలు పెట్టుకుంది.

"కళ్ళద్దాలు పెట్టుకున్నట్టు అనుకో. చేతికి ఆ తొడుగులున్నాయనుకో. ఇప్పుడు నేను వేస్తాను. చెయ్యి కదలకూడదు."

కాగితం పిల్ల పాదం మీద పడింది. దేదీప్య చెయ్యి కదలలేదు. ఇంకొకటి వేసింది. కదలలేదు.

"చూశావా, ఎంత సులువో!"

"ఇది జంక్ మెయిల్ అమ్మమ్మా. దీని మీద చికెన్ సేల్ అని ఉంది. దీనికి ఎవరు దణ్ణం పెడతారు?"

మేడమెట్ల మీద కూర్చుని అన్నీ చూస్తున్న పూజిత పకపకా నవ్వింది. కృష్ణవేణికీ నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. నిజమే మరి. అక్షరమైతే సరిపోదు, అది చదువు అయి ఉండాలి. లేచి అల్మారాలోంచి లావాటి ఇంగ్లీషు నిఘంటువు తెచ్చింది. పిల్ల పాదం పక్కకు, అంచు తగిలేలా వదిలింది.

దేదీప్య చెయ్యి అప్పటికే పుస్తకం దాకా వెళ్ళి కళ్ళ వైపు బయలుదేరింది. కృష్ణవేణి చటుక్కున వంగి మధ్యలో మణికట్టు పట్టుకుంది.

"అదిగో!"

"సారీ, సారీ. మళ్ళీ."

మళ్ళీ వేసింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ. పిల్ల చెయ్యి పిచ్చుకలా ఎగిరేది, ఆవిడ వేళ్ళు దాన్ని పట్టుకునేవి. కొంతసేపటికి దేదీప్య పెదవి కొరుక్కుంటూ చేతుల్ని వెనక్కి కట్టేసుకుంది.

"చేతులు కట్టుకుంటే పని ఎట్లా చేస్తవ్?" అంది పూజిత మెట్ల మీదనుంచి. "అమ్మమ్మా, నువ్వు మెల్లగ పెడుతున్నవ్. పువ్వు పెట్టినట్టు పెడుతున్నవ్. అక్కడ ధడేల్మని పడ్తది."

కృష్ణవేణి నిఘంటువు వైపు చూసింది. కార్పెట్ మీద తెరుచుకుని, పేజీలు కొద్దిగా మడతపడి ఉంది. ఆవిడ చదువుకున్నది మూడో తరగతి. పలకకు కాలు తగిలితే అన్నం ముట్టనిచ్చేది కాదు ఆవిడ నాయనమ్మ. పేపరు మీద కూర్చోవడానికి కూడా మనసొప్పని మనిషి తను. రైల్లో వెళ్తూ అందరూ పేపరు పరుచుకుని కూర్చుంటే తను వట్టి చెక్క మీద కూర్చునేది.

చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుంది. కుడికాలు వెనక్కి తీసి, ఆ పుస్తకాన్ని తన్నింది.

గట్టిగా తన్నలేదు. అయినా అది జరజరా జారుకుంటూ వెళ్ళి దేదీప్య పాదాలకు కొట్టుకుని ఆగింది.

దేదీప్య నోరు తెరుచుకుని అమ్మమ్మ కాలి వైపు చూస్తోంది. కృష్ణవేణి చెయ్యి తనకు తెలియకుండానే కిందికి వంగబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని నడుము దగ్గర అదిమేసింది. ఆవిడ మొహం ఎర్రగా అయింది.

"చూశావా," అంది, ఊపిరి సర్దుకుంటూ. "నా చెయ్యీ వెళ్ళబోయింది. ఆపాను. అంటే ఆపొచ్చన్నమాట."

"అమ్మమ్మా, నువ్వు..."

"విను. దణ్ణం మానేయమనడంలేదు నేను. చేతులకు పనున్నప్పుడు దణ్ణం లోపల జరగాలి. పొయ్యి మీద నూనె కాగుతుంటే హారతి గంట వినపడిందనుకో, అట్లకాడ వదిలేసి చేతులు జోడిస్తామా? గారె మాడిపోదూ? మనసులో అనుకుని గారె తిప్పుతాం. అంతే ఇదీ."

దేదీప్య జుట్టు వెనక్కి ముడేసుకుంది. తర్వాత చేతులు ముందుకు చాపి, గాలిలో ఏదో పట్టుకున్నట్టు పెట్టుకుని, "తన్ను," అంది.

ఆవిడ తన్నింది. పిల్ల వేళ్ళు వణికాయి. చేతులు మాత్రం కదలలేదు. కనురెప్పలు ఒక్కసారి మూసి తెరిచింది, అంతే.

ఆ పూటంతా ఆ పుస్తకం ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. పని అయ్యాక కృష్ణవేణి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, మడతపడ్డ పేజీలను ఒక్కొక్కటే అరచేత్తో సాపు చేసింది.

"ఇంకొకటుంది అమ్మమ్మా," అంది దేదీప్య ఆవిడ మోకాలికి ఆనుకుని. "చెయ్యి ఆపుతా. కానీ కత్తి? ఆ పంది పిల్ల ఇంతే ఉంటుంది. కళ్ళు మూసుకుని ఉంటుంది. బొడ్డుతాడు కూడా ఉంది. అది పుట్టనే లేదు. నిద్రపోతున్నట్టుంది. నేను కత్తి పెట్టగానే లేస్తుందేమో అనిపిస్తుంది."

కృష్ణవేణి పుస్తకం మూసి పక్కన పెట్టింది. పూజిత వైపు చూసింది.

*

పూజిత తెచ్చిన ప్లాస్టిక్ సంచిని గరాజ్ గడప దాటనివ్వలేదు కృష్ణవేణి. ఆ ఇంట్లోకి అంతవరకు గుడ్డు కూడా రాలేదు. అద్దెకు దిగిన రోజునే ఆ పిల్ల దగ్గర ఆ మాట తీసుకున్నారు.

"నా మాట నేనే తప్పుతున్న అమ్మమ్మా, తిట్టకు," అంది పూజిత, ఓక్ ట్రీ రోడ్డు దగ్గర మాంసం కొట్టునుంచి తెచ్చిన పొట్లం విప్పుతూ. "మేకది, గుండెకాయ. కోయకుండ మొత్తం ఇయ్యమన్న. కూరకా అని అడిగిండు. పరీక్షకన్న. వాడు నా దిక్కు చూసిన చూపు ఉంది చూడు!"

మధ్యాహ్నపు ఎండ గరాజ్ లోకి సగం దాకా పడుతోంది. దేదీప్య పాత పేపర్లు పరిచి, వాటి మీద ప్లాస్టిక్ షీటు వేసి, తొడుగులు వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడింది. కృష్ణవేణి లోపలి తలుపు దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. చూడకూడదనుకుంది. చూపు మాత్రం అక్కడే ఉంది.

అది పిడికిలంత ఉంది. ఎర్రగా ఉంటుందనుకుంది, కానీ వంకాయ రంగుకీ మట్టి రంగుకీ మధ్యలో ఉంది. పైన అంచుల్లో తెల్లటి కొవ్వు, వెన్న పూసినట్టుగా.

దేదీప్య కత్తి దాని మీద ఆనించింది. నొక్కలేదు.

"నొక్కు," అంది పూజిత.

"నొక్కుతున్నా."

"ఏడ నొక్కుతున్నవ్? చక్కిలిగిలి పెడ్తున్నవ్."

కృష్ణవేణికి పిల్ల వీపు కనిపిస్తోంది. భుజాలు చెవుల దాకా లేచి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ భుజాలను ఆవిడ ఎరుగును. మొదటిసారి ఈత కొలను అంచున నిలబడ్డప్పుడు అలాగే ఉన్నాయి. అప్పుడు ఎవరు తోసినా దూకలేదు. జయంతి నీళ్ళలో దిగి పక్కన నిలబడితే దూకింది.

కొంగు ముక్కు మీదనుంచి తీసి నడుముకు దోపుకుంది. రెండు మెట్లూ దిగింది. వెళ్ళి పిల్ల పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది.

"నాకేం కనపడటం లేదు అక్కడనుంచి," అంది. "చూపించు. ఏముందో నాకు చెబుతూ కొయ్యి. నీకు తెలిసిందంతా చెప్పు."

దేదీప్య తల తిప్పి చూసింది. మెల్లిగా ఊపిరి వదిలింది. కత్తి దిగింది.

"ఇది లెఫ్ట్ వెంట్రికల్ అమ్మమ్మా. అంటే ఎడమ గది. ఒళ్ళంతటికీ రక్తం తోసేది ఇదే. చూడు గోడ ఎంత మందంగా ఉందో. అటు పక్కది పల్చగా ఉంటుంది, ఎందుకంటే అది ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు..."

చెబుతుంటే గొంతు మారిపోయింది. చెయ్యి కూడా మారిపోయింది. మూతలా రెండు వైపులకూ విప్పింది.

కృష్ణవేణి వంగి చూసింది.

లోపల దారాలున్నాయి. నిజంగా దారాలే. తెల్లగా, మెరుస్తూ, సన్నంగా, కింద కండలోంచి మొలిచి, పైన పలుచని పొర అంచులకు కట్టి ఉన్నాయి. ఎవరో కూర్చుని ఒక్కొక్కటే కొలిచి ముడి వేసినట్టున్నాయి. ఒకటీ వదులుగా లేదు, ఒకటీ బిగుతుగా లేదు.

"ఇవెవరు కట్టారే?" అంది. అడిగాక అదేం ప్రశ్నని తనకే అనిపించింది. ఎవరూ నవ్వలేదు.

"ఆ పొర తలుపు అమ్మమ్మా. రక్తం పైకి వెళ్ళేటప్పుడు అది మూసుకుంటుంది. ఈ దారాలు లేకపోతే తలుపు వెనక్కి తిరగబడిపోతుంది."

"మేకక్కూడానా?"

"మేకకీ ఇలాగే. నీకూ ఇలాగే."

కృష్ణవేణి తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. డెబ్భై దాటిన మనిషి. పిల్లల్ని కంది, పెంచింది, భర్తను కాటికి సాగనంపింది, సముద్రాలు దాటి వచ్చింది. లోపల ఇన్ని దారాలు ఇంతకాలం తలుపు పట్టుకుని ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

"ఇంకొకటి చూపిస్తా. నీళ్ళు కావాలి," అంది దేదీప్య. ఇప్పుడు ఆ కంగారు లేదు పిల్లలో, ఆత్రం ఉంది.

కృష్ణవేణే లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. దేదీప్య పైనున్న పెద్ద గొట్టాన్ని కొంచెం కిందికి కత్తిరించి, గుండెను నిలబెట్టి పట్టుకుంది.

"పొయ్యి అమ్మమ్మా. సన్నగా."

ఆవిడ సన్నటి ధారగా పోసింది. నీళ్ళు గొట్టంలోకి దిగాయి. అడుగున మూడు చిన్న జేబులు నీళ్ళతో ఉబ్బి, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో చుక్క సందు లేకుండా మూసుకున్నాయి. మూడు రేకుల మొగ్గ. నీరు పైనే నిలిచిపోయింది, ఒక్క బొట్టు కిందికి దిగలేదు.

"చచ్చిపోయాక కూడా," అంది కృష్ణవేణి గుసగుసగా. "చచ్చిపోయాక కూడా దాని పని అది చేస్తోందే!"

పూజిత కూడా జోకులు మానేసి చూస్తోంది. "నేను చిన్నప్పటి సంది తిన్న గానీ, ఏనాడూ చూడలే అమ్మమ్మా," అంది.

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా పోస్తూనే ఉంది ఆవిడ. మళ్ళీ తెచ్చి పోసింది.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, ఒత్తి సరిచేసి, లేచి రెండడుగులు వేశాక గానీ తను స్నానం చెయ్యలేదన్న సంగతి కృష్ణవేణికి తట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. దీపం నిలకడగా వెలుగుతోంది. దాన్ని అలాగే ఉండనిచ్చింది.

*

శుక్రవారం ఆవిడను కూడా రమ్మంది దేదీప్య. కారు తనే నడిపింది. కాలేజీ వరండాలో ల్యాబ్ గది తలుపుకు నిలువుగా ఒక అద్దం పలక ఉంది. ఎదురుగా బెంచీ ఉంది. బెంచీ మీద కూర్చుంటే ఏమీ కనపడదు, నిలబడితే కనపడుతుంది. కృష్ణవేణి నిలబడింది.

మిసెస్ హేన్స్ అంటే పొడుగ్గా, చండశాసనురాలిలా ఉంటుందనుకుంది. తనంత పొట్టిగా ఉంది. తెల్ల జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, మెడలో అద్దాలు వేలాడేసుకుని, చేతులు కట్టుకుని దేదీప్యకు ఎదురుగా నిలబడింది. ఆవిడ చూపు ట్రే మీద లేదు. పిల్ల చేతుల మీద ఉంది.

ట్రేలో అది వెల్లకిలా పడుకుని ఉంది. ఇంత దూరానికి కూడా దాని చెవులు తెలుస్తున్నాయి. చంటిపిల్లల చెవుల్లాగే తలకు అతుక్కుని ఉన్నాయి.

దేదీప్య కత్తెర తీసుకుంది. కృష్ణవేణి ఊపిరి బిగపట్టింది. పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఎవరికీ వినపడనంత మెల్లిగా ఏదో చెప్పుకుంటోంది. బహుశా "చూపించు, చెబుతూ కొయ్యి" అని తనన్న మాట పట్టుకున్నట్టుంది. భుజాలు కిందికే ఉన్నాయి. కత్తెర కదిలింది. ఆగి, వేలితో తడిమి చూసి, మళ్ళీ కదిలింది. పక్కటెముకలు విప్పింది, రెండు తలుపులు తెరిచినట్టు. సన్నటి పొరను పట్టకారుతో ఎత్తి పట్టుకుని చీల్చింది.

లోపల గుండె కనపడిందేమో, అక్కడ ఆగిపోయింది.

కుడిచెయ్యి కత్తెర పక్కన పెట్టి, పైకి లేచింది. ట్రే అంచు దాటింది. రొమ్ము దాకా వచ్చింది.

మిసెస్ హేన్స్ కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఒక అడుగు ముందుకు వేసింది.

వద్దు తల్లీ, అనుకుంది కృష్ణవేణి. అద్దానికి అరచెయ్యి ఆనించింది. గారె మాడిపోతుంది, వద్దు.

చెయ్యి గాలిలో నిలిచింది. గాగుల్స్ వెనక దేదీప్య కళ్ళు మూసుకున్నాయి. ఎంతసేపో కాదు. తెరిచింది. చెయ్యి వచ్చిన దారినే కిందికి దిగింది, సూది తీసుకుంది, చూపించాల్సినదాన్ని ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. మిసెస్ హేన్స్ వంగి చూస్తూ తలాడిస్తోంది. ఒకచోట ఏదో అడిగింది, దేదీప్య చెప్పింది. ఇంకోచోట అడిగింది, చెప్పింది.

అంతా అయ్యాక ఆ ఇద్దరూ నిలబడి మాట్లాడుకున్నారు. మాట్లాడింది దేదీప్యే ఎక్కువ. తన పాదం వైపు చూపించింది, పుస్తకం వైపు చూపించింది, తర్వాత గాగుల్స్‌కు దూరంగా, గాలిలోనే రెండు కళ్ళనూ చూపించింది. మిసెస్ హేన్స్ కదలకుండా విన్నది. తర్వాత తలుపు తెరిచి, వరండాలో నిలబడ్డ ముసలావిణ్ణి ఎగాదిగా చూసి, చేతికి ఒక గాగుల్స్ జత ఇచ్చింది.

"లోపలికి రమ్మంటోంది అమ్మమ్మా. చెప్పులు కాదు, షూ ఉండాలి అంది, కానీ ఇవాళ్టికి పర్లేదంది. తలుపు దగ్గరే నించోవాలి."

"పాసయ్యావా?"

"పాసయ్యా. ఆ ఈమెయిల్ వెనక్కి తీసుకుంటుంది. నేను పారిపోతున్నా అనుకుందట." దేదీప్య చేతి తొడుగులు విప్పింది. "సారీ చెప్పింది. తర్వాత ఇంకోసారి గాగుల్స్ పైకి తోస్తే మాత్రం ఊరుకోనంది."

గాగుల్స్ ముక్కు మీద పెట్టుకుని కృష్ణవేణి తలుపు దగ్గర నిలబడింది. లోపల తెరుచుకున్న ఎదలో, రేగిపండుకంటే కొంచెం పెద్దగా, ఆ గుండె ఉంది. ఒక్కసారి కూడా ఊపిరి పీల్చని పిల్ల. ఒక్కసారి కూడా తల్లి మొహం చూడని పిల్ల. దాని లోపల కూడా ఆ దారాలన్నీ కట్టే ఉంటాయి. ఆ రేకులు మూసుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. ఆవిడ చేతులు రెండూ పక్కనే ఉన్నాయి. కళ్ళు మాత్రం మూసుకుంది.

*

ఇద్దరూ కారెక్కారు. దేదీప్య మధ్యమధ్య తనలో తనే నవ్వుకుంటోంది. తల్లికి ఫోన్ చేసి చెప్పింది. అవతల జయంతి ఆఫీసులోనే ఏడ్చేసినట్టుంది.

"ఆగస్టులో ఇంకేం కోస్తారే?" అంది కృష్ణవేణి కిటికీలోంచి చూస్తూ.

"మనుషుల్ని అమ్మమ్మా. ఫస్ట్ క్లాసే అది."

"ఏ మనుషుల్ని? ఎవరూ లేని అనాథల్నా?"

"కాదు, కాదు. డోనర్స్. వాళ్ళంతట వాళ్ళే ఇస్తారు. బతికుండగానే రాసి ఇస్తారు, నేను పోయాక నా బాడీ స్టూడెంట్స్‌కి ఇవ్వండి అని. టీచర్లుంటారు, నర్సులుంటారు, మామూలు వాళ్ళుంటారు. అమ్మమ్మలుంటారు."

"తెలిసే ఇస్తారా? ఇలా కోస్తారని?"

"తెలిసే."

"ఎవరు కోస్తారో తెలియకుండా?"

"ఆ. వాళ్ళకి మేమెవరమో తెలీదు."

కృష్ణవేణి ఒళ్ళో చేతులు చూసుకుంది. నరాలు తేలి, నూనె మరకలతో, గోళ్ళ అంచుల్లో అరటిపువ్వు నలుపు ఇంకా వదలని చేతులు.

"తర్వాత? కర్మ ఎవరు చేస్తారు వాళ్ళకి?"

"ఇయర్ ఎండ్‌లో స్టూడెంట్స్ అందరూ కలిసి చేస్తారు. ఫామిలీస్‌ని పిలుస్తారు. థాంక్స్ చెబుతారు, కొంతమంది పాటలు పాడతారు. తర్వాత క్రిమేట్ చేసి, అస్థికలు ఇంటికి ఇచ్చేస్తారు."

"అంతమంది పిల్లలూ నిలబడతారా?"

"క్లాసంతా నిలబడుతుంది."

ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. కృష్ణవేణి చాలా తీరిగ్గా, కొంగు అంచు సర్దుకుంటూ అడిగింది:

"ఒసే, వాళ్ళకు ఏ వయసు వరకూ పనికొస్తారు?"

"వయసు లిమిట్ లేదనుకుంటా. ఎందుకు అమ్మమ్మా?"

"నా మోకాళ్ళు అరిగిపోయాయి. వాటిల్లో చూడటానికేం ఉండదు. గుండె మాత్రం బానే ఉందన్నాడు డాక్టరు." ఆవిడ రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుంది. "మీ అమ్మ ఒప్పుకోదు. దానికి నేను చెప్పుకుంటాలే. నువ్వు ఒక్కటి కనుక్కో. నాకు ఇంగ్లీషు రాదుగదా. తెలుగులో సంతకం పెడితే చెల్లుతుందా?"

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు ఒకసారి హారన్ కొట్టాడు, రెండోసారి పొడుగ్గా కొట్టాడు. దేదీప్య స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, అమ్మమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.